మిగిలిన ఒక్క లబ్ధిదారు

చింతలేటిపాడులో సేవ చెయ్యడానికి ఆరువందల గడపా సిద్ధంగా ఉంది. చేయించుకోవడానికి మాత్రం ఒక్క మనిషే మిగిలింది. ఊరికి ఈ కరువు తెచ్చిపెట్టిన ఘనుడు టెంటు హౌసు సత్యలింగం. పైగా అందుకు ఆయనకి శాలువా కూడా కప్పారు.

సత్యలింగం చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. దానంతటది ఆగలేదు, హెడ్మాస్టారు ఆపారు. తనిఖీకి వచ్చిన పెద్దాయన కూర్చున్న కుర్చీకి మూడు కాళ్ళే ఉండటం వెనక సత్యలింగం హస్తం ఉందని మాస్టారి నమ్మకం. ఆ నమ్మకం నిజమే. బడిలోంచి బయటికొచ్చినవాడు కుర్చీల వ్యాపారంలోనే స్థిరపడ్డాడు. కుర్చీలు, షామియానాలు, వంటపాత్రలు, ఒక గొట్టం మైకు. చుట్టుపక్కల మూడూళ్ళకీ టెంటు హౌసు అదొక్కటే.

ఊళ్ళో ‘వెలుగు సేవా క్లబ్బు’ పెట్టినప్పుడు, సత్యలింగాన్ని మెంబరుగా చేర్చుకుంటే కుర్చీలు ఊరికే వస్తాయని పెద్దలు కనిపెట్టారు. మెంబరుగా చేరితే మైకు ముందు ఎంతసేపైనా నిలబడొచ్చని సత్యలింగం కనిపెట్టాడు. ఇరుపక్షాలూ లాభపడ్డాయి. వినేవాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు.

క్లబ్బు ప్రెసిడెంటు గంధం సూర్యభాస్కరం గారు రిటైరైన సబ్‌రిజిస్ట్రారు. ముప్ఫయ్యేళ్ళు దస్తావేజులు చదివీ చదివీ ఆయన మాట కూడా స్టాంపు కాగితం మీద రాసినట్టే వచ్చేది. ఇంట్లో కాఫీ కావాలన్నా సరిహద్దులు చెప్పి అడుగుతారని గిట్టనివాళ్ళు అనేవారు.

జనవరిలో జిల్లా నుంచి ఆయనకో సర్క్యులరు వచ్చింది. జూన్ ముప్ఫయ్యో తారీఖులోగా సభ్యత్వం పెంచని క్లబ్బులకి గుర్తింపు రద్దవుతుందట. ఎంత పెంచాలో మాత్రం రాయలేదు. ‘వీలైనంత’ అని ఉంది. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది.

"ఇందుమూలముగా యావన్మంది సభ్యులకు తెలియజేయునది ఏమనగా," అన్నారు ప్రెసిడెంటు గారు మీటింగులో, "సభ్యత్వ వృద్ధి కమిటీ ఛైర్మన్ పదవిని శ్రీ సత్యలింగం గారికి సర్వహక్కులతో దఖలు పరచడమైనది."

"అమ్ముకోవచ్చాండీ?" అన్నాడు సత్యలింగం లేచి.

"పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించవచ్చును. విక్రయించరాదు."

సరిగ్గా పెళ్ళిళ్ళ రోజులు. మొదటివాడు కూతురి పెళ్ళికి పందిరి మాట్లాడదామని వచ్చాడు, రైసు మిల్లు గుమస్తా కామేశం.

"పదకొండో తారీఖుకి పెద్ద పందిరి కావాలిరా సత్యలింగం."

"పందిరిదేముంది బాబాయ్, వేసేద్దాం. ఇక్కడో సంతకం పడెయ్."

"ఏంటిది?"

"సేవ."

"ఎవరికిరా?"

"ముందు సంతకం పెట్టు బాబాయ్. ఎవరికన్నది తీరిగ్గా వెతుకుదాం."

కామేశం సంతకం పెట్టాడు. ఎండలో పెళ్ళి చెయ్యడం కంటే సేవ చెయ్యడమే తేలిక కదా. అలా పెళ్ళికో ఇల్లు, నిశ్చితార్థానికో ఇల్లు, పెద్దకర్మకో ఇల్లు క్లబ్బులోకొచ్చాయి. ఒక ఇంట్లో పెద్దాయన పోయి నలుగురూ ఏడుస్తుంటే, ఎండకి షామియానా పట్టుకెళ్ళిన సత్యలింగం ఫారం కూడా పట్టుకెళ్ళాడు. "పోయినాయన్ని చేర్చను, రూలు ఒప్పుకోదు," అని పెద్ద మనసుతో చెప్పి, పెద్దకొడుకుని చేర్చుకున్నాడు.

ఇంకొకళ్ళయితే అక్కడితో ఆగుదురు. సత్యలింగానికి వేళాకోళం పుట్టుకతోనే వచ్చింది. సంతలో తిరిగే ఆంబోతుకి కూడా ఒక ఫారం నింపాడు. పేరు: శ్రీ ఏ. బసవయ్య. వృత్తి: సంచారం. విశేష ప్రజ్ఞ: ఎవరైనా పక్కకి తప్పుకుంటారు. క్లబ్బు హాలు ముందు అరటితొక్కల కోసం అది రోజూ వస్తుంది కాబట్టి సెక్రటరీ హాజరు వేసేస్తూ పోయాడు. జిల్లా నుంచి శ్రీ బసవయ్య గారికి నూటికి నూరు శాతం హాజరు ప్రశంసాపత్రం వచ్చింది. సత్యలింగం దాన్ని ఆంబోతుకి చూపించాడు. అది తినేసింది. పత్రాన్ని సరిగ్గా వాడుకున్న మెంబరు అదొక్కటే అని ఆయన చాలాకాలం చెప్పుకునేవాడు.

మే ఇరవైకల్లా ఊరంతా సభ్యులే. సభ్యుడి ఇంట్లోవాళ్ళు కూడా సభ్యుల కిందే లెక్క. సత్యలింగానికి శాలువా కప్పింది ఆ వారమే.

మరుసటి వారం జిల్లా నుంచి రెండు వందల దుప్పట్లు వచ్చాయి. రోహిణీ కార్తె ఎండలో దుప్పట్లేమిటని ఎవరూ అడగలేదు, సేవకి కాలంతో పనిలేదు. వేదిక కట్టారు, బ్యానరు కట్టారు, మైకు పెట్టారు. పుచ్చుకునేవాళ్ళ కోసం ఎదురుచూశారు. ఎవరూ రాలేదు.

ఏటా మొదటి దుప్పటి పుచ్చుకునే రిక్షా పెంటయ్య మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకి క్లబ్బు బిళ్ళ పెట్టుకుని వచ్చాడు. వచ్చి ఇచ్చేవాళ్ళ వరసలో నిలబడ్డాడు.

"నువ్వటు కదా పెంటయ్యా," అన్నాడు సెక్రటరీ.

"ఆయ్, ఇప్పుడిటేనండి. పన్నెండేళ్ళు పుచ్చుకున్నానండి. ఓపాలి ఇచ్చి సూద్దారని."

ప్రెసిడెంటు గారు నిబంధనావళి తెరిచి అద్దాలు సవరించుకున్నారు. "పద్నాలుగో నిబంధన. సేవ పొందువారు సభ్యులు గాని, సభ్యుల వారసులు గాని, తత్సంబంధీకులు గాని అయి ఉండరాదు. పదిహేనో నిబంధన. లబ్ధిదారుల రిజిస్టరులో కనీసం ఒక్క పేరైనా లేని క్లబ్బు తక్షణమే రద్దు." పుస్తకం మూశారు. "ఊళ్ళో సభ్యులు కానివారు ఎవరు?"

అందరూ సత్యలింగం వైపు చూశారు. సత్యలింగం తన శాలువా వైపు చూసుకున్నాడు.

పక్కూరి క్లబ్బుకి ఫోను చేశారు. "ఓ పదిమంది లబ్ధిదారుల్ని పంపండి, భోజనం పెట్టి సాయంత్రానికి తిప్పి పంపేస్తాం," అన్నాడు సెక్రటరీ. అవతలివాళ్ళు నిట్టూర్చారు. "మేమే మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నామండీ. మాకు గురువారం చక్రాల కుర్చీలున్నాయి."

అప్పుడు గుర్తొచ్చింది బుల్లెమ్మ.

బస్టాండు మూల పునుగుల బండి బుల్లెమ్మది. డెబ్బై దాటిన ఒంటి మనిషి. కుడికన్ను పూర్తిగా పోయింది, ఎడమకంట్లో శుక్లం ముదిరి మనుషులు నీడల్లా కనిపిస్తున్నారు. క్లబ్బులో చేరని మనిషి ఆవిడొక్కతే. సత్యలింగం అడక్కపోలేదు. మూడుసార్లు వెళ్ళాడు.

"వేలిముద్ర వెయ్యి అత్తా, మెంబరువైపోతావ్."

"కనపడని కాయితం మీద ఏలెయ్యను అల్లుడూ. మా మరిది పింఛనీ కాయితమని ఏలేయించుకున్నాడు. మర్నాడు సూత్తే నా ఇల్లు ఆడిది. మూడో తరగతి సదివాను నేను. ముందు కళ్ళు తెప్పించండి, సదువుకుని సంతకమే పెడతాను."

ఆవిడ అడిగిందల్లా అదే. కంటి ఆపరేషను. మూడు నెలలకోసారి పట్నం కంటాసుపత్రి వ్యాను వస్తుంది. క్లబ్బు ఉత్తరంతో పేరు పంపిస్తే తీసుకెళ్ళి చేసి పంపిస్తారు.

క్లబ్బు ఆవిడ మీద పడింది. ఒక్క వారంలో పద్నాలుగు దుప్పట్లు ఇచ్చారు. నాలుగు కుట్టుమిషన్లు ఇచ్చారు, సూదిలో దారం ఎక్కించలేని మనిషికి. పదో తరగతి పిల్లలకొచ్చిన పరీక్ష అట్టలు, జామెట్రీ బాక్సులు ఇచ్చారు. రోడ్డు భద్రత పేరుతో హెల్మెట్ ఇస్తే ఆవిడ దాన్ని తిరగేసి శనగపిండి కలుపుకుంది. పర్యావరణం రోజున ఆవిడ బండి చుట్టూ నలభై మొక్కలు పాతితే బస్సు ఆగడానికి చోటులేక అల్లంత దూరాన ఆగడం మొదలెట్టింది. పునుగులకొచ్చేవాళ్ళు సగమయ్యారు. రోజూ పొద్దున్నే ఆవిడ వేలు పొడిచి షుగరు పరీక్ష చేశారు. షుగరు లేదని రోజూ చప్పట్లు కొట్టారు.

"నా కళ్ళ సంగతేటి అల్లుడూ?" అనడిగింది బుల్లెమ్మ.

సత్యలింగం మీటింగులో ఆ మాట ఎత్తాడు. "జూన్ పదో తారీఖుని వ్యాను వస్తోందండి. బుల్లెమ్మత్త పేరు పంపేద్దామా?"

ప్రెసిడెంటు గారు మెల్లిగా పుస్తకం తెరిచారు.

"పదహారో నిబంధన చూచితిరా? దుప్పటి వగైరా అల్పసేవలు ఎన్నిమార్లైనా చేయవచ్చును. శస్త్రచికిత్స వంటి మహాసేవ జరిగిన పిమ్మట లబ్ధిదారు పేరు రిజిస్టరు నుండి కొట్టివేయవలెను. ఆమెకు చూపు వచ్చిన మరుక్షణం మన రిజిస్టరు ఖాళీ. ముప్ఫయ్యో తారీఖున జిల్లా సేవాధిపతి వారు మనల్ని సంపూర్ణ సేవాగ్రామంగా ప్రకటించుటకు స్వయముగా విచ్చేయుచున్నారు. ఆ రోజున చూపించుటకు ఒక్క లబ్ధిదారైనా ఉండవలదా?"

"అయితే ఆపరేషను?"

"సేవ చేయకపోవడం లేదే. సేవను కొనసాగిస్తున్నాము."

అందరూ చప్పట్లు కొట్టారు. సత్యలింగం కూడా కొట్టాడు. తీరా కొట్టాక ఎందుకు కొట్టానా అనుకున్నాడు. అరచేతులకి అలవాటైపోయింది.

పదో తారీఖున వ్యాను వచ్చి, వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు పొద్దున్న సత్యలింగం పునుగులు తినడానికి వెళ్ళాడు. బండి ముందు స్టూలు మీద కూర్చుని ప్లేటు పుచ్చుకున్నాడు. బుల్లెమ్మ ఎడమచేతికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"ఏంటత్తా చేతికి? బంగారు గాజులు దాస్తున్నావా?"

"నీ నోట్లో నా అట్లకాడ. తిను."

సత్యలింగానికి చేతులు దురదపెట్టాయి. ఆవిడ మాట్లాడుతుండగానే చప్పుడు కాకుండా లేచి, ప్లేటుతో సహా టికెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళి నుంచున్నాడు. ఖాళీ స్టూలుతో మాట్లాడి, సంగతి తెలిశాక ఎలా తిడుతుందో చూద్దామని. బస్టాండులో జనానికి కూడా సైగ చేశాడు. నలుగురు మూగారు. అందరూ నోరు మూసుకుని నవ్వుతున్నారు.

బుల్లెమ్మ స్టూలుకేసి చూస్తూ చెప్పుకుపోతోంది.

"మొన్న నూనెలో గరిటె జారిందిరా. ఎక్కడుందో అని సెయ్యెట్టాను. పైకి కనపడింది కాని లోపలుంది. కాలితే కాలింది, ఏలే కదా. ఇప్పుడు ఉడికిందో లేదో రంగు తెలీక వాసన సూసి తీత్తున్నాను. నిన్నో పిల్ల పచ్చిపిండి ఉమ్మేసింది. ఆళ్ళమ్మ ఏవీ అనలేదు, డబ్బులిచ్చేసి ఎల్లిపోయింది. అలా ఏవీ అనకుండా ఎల్లిపోతే బండి ఎన్నాళ్ళు నడుత్తాదిరా? ఈ కన్ను కూడా పోతే నేనేటి సెయ్యను? దుప్పట్లు కప్పుకుని పడుకోనా? సరేలే, నీకు సెప్తే ఏంటి, నువ్వేం సేత్తావు. ఇంకో నాలుగు ఎయ్యనా?"

స్టూలు మాట్లాడలేదు. ఆవిడ నాలుగు పునుగులు గరిటెతో తీసి గాలిలో పట్టుకుని ప్లేటు కోసం ఎదురుచూస్తోంది. నూనె చుక్కలు ఖాళీ స్టూలు మీద పడుతున్నాయి.

కిటికీ దగ్గర ఎవరూ నవ్వడం లేదు. సత్యలింగం తన జన్మలో చేసిన వేళాకోళాల్లో జనం నవ్వనిది అదొక్కటే. మెల్లిగా వెళ్ళి గరిటె కింద ప్లేటు పెట్టాడు.

"ఎయ్యత్తా," అన్నాడు.

"గొంతేటలాగుంది?"

"కారం ఎక్కువైంది."

ఆ రోజంతా ఆయనకి దుకాణంలో కూర్చోబుద్ధి కాలేదు. ఎలా చెయ్యాలి? రూలు ఎలా మార్పించాలి? సబ్‌కమిటీ వేయించాలా? జిల్లాకి అర్జీ పెట్టాలా? సాయంత్రం దాకా బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. పట్నం బస్సు రోజూ ఆవిడ బండి ముందునుంచే పోతుంది కదా, తనే ఎక్కించి తీసుకెళ్ళొచ్చు కదా అన్న ఆలోచన దీపాలు పెట్టే వేళకి గాని రాలేదు. వచ్చాక తన నెత్తి మీద తనే ఒకటి మొట్టుకున్నాడు. క్లబ్బులో చేరాక బ్యానరు లేకుండా ఎవరికైనా ఏదైనా ఎలా చేస్తారో పూర్తిగా మర్చిపోయాడు.

మర్నాడు మొదటి బస్సుకి బుల్లెమ్మని ఎక్కించాడు.

"ఏ ఊరు తీసుకెళ్తన్నావురా?"

"నీ ఇంకో ఇల్లు రాయించుకుందామని అత్తా."

"ఉంటే ఇచ్చేదాన్నే, ఎదవా."

కంటాసుపత్రిలో గుమస్తా అడిగాడు, "ఏ సంస్థ తరఫున?"

"ఏ సంస్థా లేదండి. ఊరికే వచ్చాం."

గుమస్తాకి ఆ మాటకి తగిన గడి కాగితం మీద దొరకలేదు. చివరికి ‘బంధువులు’ అని రాసుకున్నాడు. మూడో రోజున తిరుగు బస్సులో బుల్లెమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. దారిపొడుగునా మైలురాళ్ళు చదివింది. మధ్యలో ఒకసారి తిరిగి సత్యలింగం మొహాన్ని ఎగాదిగా చూసింది.

"ఇంత ముసిలోడివైపోయావా? నీ గొంతు విని కుర్రాడనుకుని అల్లుడూ అల్లుడూ అంటన్నాను."

ఊళ్ళోకి వచ్చేసరికి క్లబ్బు అత్యవసర సమావేశం పెట్టింది. నేరం: లబ్ధిదారు అపహరణ.

"శ్రీ సత్యలింగం గారు," అన్నారు ప్రెసిడెంటు గారు, "క్లబ్బు వారి ఏకైక లబ్ధిదారును, క్లబ్బు వారికి తెలియపరచకుండా, ఫోటో తీయించకుండా, ఉత్తరపు దిక్కుగా బస్సులో తరలించి, అనధికారికముగా చూపు తెప్పించినారు. దీనికి మీ సమాధానమేమి?"

"ఎడం కన్నొక్కటేనండి. కుడిది అలాగే ఉంచాను, మీకేమైనా పనికొస్తుందేమోనని."

"ఎగతాళి! రిజిస్టరు ఖాళీ అయినది! ముప్ఫయ్యో తారీఖున సేవాధిపతి వారికి ఎవరిని చూపుదును?"

ఏకగ్రీవంగా బహిష్కరించారు. భార్య మంగతాయారు కూడా చెయ్యెత్తింది. ఆవిడ పుట్టింటి పేరుతో విడిగా చేరింది కాబట్టి రిజిస్టరు లెక్కలో ఆయనకి ఏమీ కాదు, మొగుడు పోయినా సభ్యత్వం పోదు. ఇంటికెళ్ళాక ఏమంటుందోనని సత్యలింగం భయపడ్డాడు. "రోజూ పెందలాడే ఇంటికొస్తారని ఎత్తానండి," అంది ఆవిడ.

బహిష్కరణ కాగితం మీద సిరా ఆరకముందే సెక్రటరీ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"అయ్యా! ఇప్పుడీయన సభ్యుడు కాదు కదండీ?"

"కాడు."

"బుల్లెమ్మ పేరు ఎలాగూ పోయింది, ఊళ్ళో సభ్యుడు కానివాడు ఇక ఈయనొక్కడే కదండీ?"

ప్రెసిడెంటు గారి మొహంలో దీపం వెలిగింది. లబ్ధిదారుల రిజిస్టరు తెప్పించి, బుల్లెమ్మ పేరు కొట్టేసి, కింద సత్యలింగం పేరు స్వహస్తాలతో రాశారు. అక్కడికక్కడే దుప్పటి కప్పారు. బయట నలభై రెండు డిగ్రీల ఎండ.

ముప్ఫయ్యో తారీఖు వచ్చింది. సంత మైదానంలో సభ. సభ్యులు ఇంటికొకరు చొప్పున వేదిక మీదే కూర్చోవాలని రూలు. ఆరువందల మందికి వేదిక కోసం నాలుగూళ్ళ బల్లలు తెప్పించారు. అది మైదానం ఈ చివరినుంచి ఆ చివరికి రైలు ప్లాట్‌ఫారంలా సాగింది. ఎదురుగా మూడు వందల కుర్చీలు వేశారు.

జిల్లా సేవాధిపతి డాక్టర్ హయగ్రీవరాజు గారు వచ్చారు. ఆయన దేనికి డాక్టరో జిల్లాలో ఎవరికీ తెలీదు, ఒంట్లో బాగాలేనివాళ్ళెవరూ ఆయన్ని అడిగిన పాపాన పోలేదు.

"సేవాబంధువులారా!" అన్నారాయన. "ఈ గ్రామం సేవా చరిత్రలో మైలురాయి! కాదు, మైలురాళ్ళ వరస! నేడు చివరి వ్యక్తి కూడా మన కుటుంబంలో చేరుతున్న శుభవేళ! బుల్లెమ్మ గారూ, సంతకం చెయ్యండి!"

పూలదండ వేసి, బుల్లెమ్మని ముందుకి తీసుకొచ్చి ఫారం చేతిలో పెట్టారు. ఫోటోగ్రాఫరు గురిపెట్టాడు. బుల్లెమ్మ నల్లద్దాలు తీసి, ఫారం కంటి దగ్గర పెట్టుకుంది.

"సే... వ... చే... యు... ట... కు..."

"చదవక్కర్లేదమ్మా, అక్కడ సంతకం చాలు," అన్నారు సేవాధిపతి.

"సదవడానికే కదా కళ్ళు. ఆగు బాబూ." వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. ఫోటోగ్రాఫరు చెయ్యి నొప్పెట్టి రెండుసార్లు దించాడు. పావుగంటకి బుల్లెమ్మ తలెత్తింది. "అంతా బానే ఉంది. సేవ సేత్తామని రాశారు. ఎవరికి సేత్తారో రాయలేదేటి?"

"సమస్త మానవులకూ తల్లీ!" సేవాధిపతి రెండు చేతులూ చాచారు.

"యేరీ?"

బుల్లెమ్మ చెయ్యి కంటికి అడ్డుపెట్టుకుని మైదానంకేసి చూసింది. ఆరువందల మందీ ఆవిడతోపాటు చూశారు. మూడు వందల కుర్చీలు వరసలు తీరి ఖాళీగా ఉన్నాయి. ముందువరస మధ్యలో సత్యలింగం ఒక్కడే కూర్చున్నాడు. మెడలో దండ, ఒళ్ళో పదకొండు దుప్పట్లు, పక్కన కుట్టుమిషను. ఎండకి చెమటలు కారిపోతున్నాయి.

బుల్లెమ్మ ఫారం నాలుగు మడతలు పెట్టి సేవాధిపతి చేతిలో పెట్టింది.

"మళ్ళీ ఇంకోపాలి సదివి సెప్తాను బాబూ," అని మెట్లు వెతుక్కోకుండా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, చకచకా కిందికి దిగింది.

"అమ్మా, ఎక్కడికి? ఫోటో! ఫోటో!"

ఆవిడ వినిపించుకోలేదు. వచ్చి సత్యలింగం పక్క కుర్చీలో చతికిలబడింది. దుప్పట్లు నేలమీదికి తోసేసింది. ఇద్దరూ వేదిక వైపు చూశారు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా శాలువాలు, బిళ్ళలు, చెమటలు. అందరూ ఈ ఇద్దరికేసే చూస్తున్నారు.

"ఇక్కణ్ణించయితే అందరూ బాగా కనపడుతున్నార్రా," అంది బుల్లెమ్మ.

"చప్పట్లు కొట్టత్తా," అన్నాడు సత్యలింగం. "పాపం, వాళ్ళకి మనం తప్ప ఇంకెవరున్నారు?"